గుర్తు పెట్టినవాటిని లేపేస్తారు

"నేరస్థుడు దాక్కోవడానికి ఈ భూమ్మీద ఒక్కటే చోటుంది. అది నా వీపు వెనక. నా కళ్ళ ముందుకొచ్చాడా, వాడి పని అయిపోయినట్టే."

మామగారు ఈ ప్రకటన చేసింది ఏ పోలీసు అధికారి ముందో కాదు. వీధి గుమ్మంలో, టీ గ్లాసు చేత పట్టుకుని, గ్యాసు బండ తెచ్చిన మనిషి ముందు. ఆ మనిషి అలాగేనండీ అని తలూపి, బండ మార్చి వెళ్ళిపోయాడు. ఖాళీ బండ ఇంట్లోనే ఉండిపోయిందనీ, నిండు బండ వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయిందనీ అత్తగారు పొయ్యి వెలిగించబోయేదాకా ఎవరికీ తెలియలేదు. అదంతా మామగారి వీపు వెనకే జరిగింది.

ఆయన ఉద్యోగమంతా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తియ్యడంతోనే గడిచింది. చీకటి గది, చల్లటి బల్ల, ఊపిరి బిగబట్టమని ఒక మాట, వదలమని ఇంకో మాట. అంతకు మించి నోరు విప్పే వీలులేని పని. అప్పుడు మిగిలిపోయిన మాటలన్నీ రిటైరయ్యాక వడ్డీతో సహా బయటికొస్తున్నాయి. మనుషుల ఎముకలు చూసినవాడికి మనసులు చూడటం ఒక లెక్కా అన్నది ఆయన సిద్ధాంతం. ఇప్పటిదాకా ఆయన ఛేదించిన కేసుల్లో పెద్దది పక్కింటివాళ్ళ మిక్సీ మూత కేసు. అందులో ఆయన చాలామందిని అనుమానించి, సగం వీధితో మాటలు పోగొట్టుకుని, చివరికి మూత మిక్సీ మీదే ఉందని తేల్చారు.

ఈ మాటలన్నిటికీ చెవులు అప్పగించినవాడు అల్లుడు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీస్తాడు. చూపు సంగతిలో మామగారికి ఎదురు చెప్పే అర్హత ఆ ఇంట్లో ఎవరికైనా ఉంటే అతనికే ఉంది. చెప్పలేనివాడూ అతనే. పెళ్ళయిన దగ్గర్నుంచీ మామగారింట్లోనే కాపురం. ఆయన నీడలో ఉంటూ ఆయన్ని కాదనడమెలా అని మొహమాటం.

ఈమధ్య దుకాణానికి దగ్గర్లో ఒక మేడమీద రెండు గదులు ఖాళీ అయ్యాయి. అల్లుడూ అతని భార్యా వెళ్ళి చూసొచ్చారు. కిటికీలు బావున్నాయి. అత్తగారికి చెబితే ఆవిడ, ఎప్పుడో వెళ్ళాల్సింది కదర్రా అంది. ఇక మామగారికి చెప్పడమే మిగిలింది. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? తను చెబితే నాన్న ఏడుస్తారనీ, నాన్నని చూసి తనూ ఏడుస్తుందనీ, ఇక ఇల్లు మారినట్టేననీ భార్య చేతులెత్తేసింది.

అల్లుడికి లోకంలో ఉన్న సరదా ఒక్కటే. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళకి పోయి, అక్కడి జెట్టీల మీద నిలబడి గాలం వెయ్యడం. జెట్టీ అంటే సముద్రంలోకి పొడుచుకుపోయిన చెక్క వంతెన. దానికి అవతలి ఒడ్డు ఉండదు. ఎంత దూరం పోయినా వెనక్కి రావాల్సిందే. ఎవరైనా వెళ్ళొచ్చు, రెయిలింగుకి ఆనుకుని గాలం వేసుకోవచ్చు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఈసారి సెలవులో వరసగా మూడు ఊళ్ళ జెట్టీలు చూసిరావాలని అతను ఎప్పట్నుంచో అనుకుంటున్నాడు. సరిగ్గా బయల్దేరే ముందు భార్య అంది:

"నాన్నని కూడా తీసుకెళ్ళండి. గాలం పట్టుకుని పక్కపక్కన నిలబడితే ఏదైనా మాట్లాడుకోవచ్చు. మొహం మొహం చూసుకోనక్కర్లేదు కదా. వెనక్కొచ్చేటప్పటికి చెప్పేసి రండి. మేడాయన జవాబు కోసం కూర్చున్నాడు."

అలా మామగారు నల్ల కళ్ళజోడు పెట్టుకుని బయల్దేరారు.

మొదటి ఊరి జెట్టీ పాతది. చెక్కలు ఎండకీ ఉప్పుకీ బూడిద రంగు తేలాయి. రెయిలింగు మీద ఎర కోసిన కత్తిగాట్లు. మధ్యలో చేపలు కడుక్కునే తొట్టి, దాని చుట్టూ పొలుసులు, పొలుసుల చుట్టూ పక్షులు. అల్లుడు ఎర గుచ్చి, గాలం విసిరి, ఊపిరి తీసుకున్నాడు. మామగారు తన గాలపు కర్రని తలకిందులుగా పట్టుకుని, సముద్రం వైపు వీపు తిప్పి, మనుషుల్ని చూస్తూ నిలబడ్డారు. ఎర ముట్టుకోమంటే తను మనుషులకి మాత్రమే గాలం వేస్తానన్నారు.

కాసేపటికి అల్లుడు గొంతు సవరించుకుని, "మామయ్యగారూ, మీతో ఒక మాట..." అన్నాడు. సరిగ్గా అప్పుడే గాలం తాడు బిగిసింది. కర్ర వంగింది. చాలా మంచి చేప, తాడు లాగుతున్న తీరులోనే తెలిసిపోతోంది. అదే క్షణంలో మామగారు వెనక నుంచి అతని చొక్కా కాలరు పట్టి ఇవతలికి గుంజారు. తాడు తెగింది. చేప దాని దారిన అది పోయింది.

"కాళ్ళ దగ్గర చూడు," అన్నారు మామగారు.

ఒక చెక్క మీద ఎర్రగా అడ్డగీతా నిలువుగీతా కలిపి గుర్తు ఉంది.

"అది గీత కాదు అల్లుడూ. మృత్యువు పెట్టిన సంతకం."

అల్లుడు వంగి చూసి, సుద్దముక్కతో గీసినట్టుందని అన్నాడు. మామగారు వేలితో తీసి నాలిక్కి రాసుకుని, సుద్దేనని ఒప్పుకున్నారు. అయితే మృత్యువు సుద్దతో సంతకం పెట్టకూడదని ఎక్కడుందని అడిగారు. ఎక్కడా లేదు. పుచ్చిన చెక్కలకి అలా గుర్తు పెట్టి ఉంటారేమో అని అల్లుడు మెల్లగా అన్నాడు.

"నీలాంటివాడు అలాగే అనుకోవాలని వాడి ఎత్తు," అన్నారు మామగారు. అల్లుడు తెగిన తాడుకి ఇంకో ముల్లు కట్టుకోసాగాడు. ఇలాంటిచోట ఊరుకోవడం అతనికి బాగా అలవాటు.

ఆ సాయంత్రం లాడ్జి గదిలో మంచాల మీద కూర్చున్నప్పుడు ఇంటి సంగతి ఒకటి చెప్పాలని అల్లుడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈ గుర్తు గురించి ఇంట్లో ఎవరికీ చెప్పొద్దనీ, ఆడవాళ్ళు బెంబేలెత్తిపోతారనీ మామగారు ఒట్టు వేయించుకుని, గోడవైపు తిరిగి గురక పెట్టారు.

రెండో ఊరి జెట్టీ మీద అలాంటి గుర్తులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. మామగారి మొహం వెలిగింది. జెట్టీ మొదట్లో ఎర అమ్మే దుకాణం ఉంది. దాన్ని నడిపే ఆవిడ గిరాకీ మధ్యలో తలెత్తకుండా రొయ్యలు పొట్లాలు కడుతోంది. మామగారు గల్లాబల్ల మీద మోచెయ్యి ఆనించి, ఏమీ పట్టనట్టు, ఆ ఎర్ర గుర్తులు ఎవరు పెడతారని అడిగారు.

"సుత్తాయనండీ," అందావిడ. "ఊరూరా తిరుగుతుంటాడు. పాతవాటిని చూసి గుర్తు పెట్టి పోతాడు. తర్వాత మనుషులొచ్చి లేపేస్తారు."

మామగారి మోచెయ్యి బల్ల మీంచి జారింది. "లేపేస్తారా?"

"పోయినేడు బోలెడన్ని లేపేశారు కదండీ. మంచిదే లెండి. పాతవి ఉండి ఎవరికి లాభం? కాళ్ళకి అడ్డం."

"తర్వాత... ఏం చేస్తారు?"

"బాగా పుచ్చినవైతే సముద్రంలో వదిలేస్తారు. కాస్త గట్టిగా ఉన్నవాటిని ముక్కలు చేసి ఎవరింటికి వాళ్ళు పట్టుకుపోతారు. మాకూ ఒకటి ఇచ్చారు. పొయ్యిలోకి బాగా పనికొచ్చింది. రొయ్యలు ఎన్ని పొట్లాలండీ?"

మామగారు బయటికొచ్చి రెయిలింగు పట్టుకున్నారు. ముసలివాళ్ళని పట్టుకుని అవి, ఇవి అంటోందంటే ఆవిడ గుండె ఎంత బండబారిపోయిందో చూడమన్నారు. సుత్తి మనిషి అనగానే అల్లుడికి మొట్టమొదట గుర్తొచ్చిన మనిషి వేరు. ఆ సంగతి పైకి అనలేదు. ఆవిడ చెప్పేది చెక్కల గురించేమోనని మాత్రం అన్నాడు.

"అల్లుడూ, ఆ గుర్తుల దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో చూడు."

అల్లుడు చూశాడు. ముసలివాళ్ళే. గుర్తులు లేనిచోట నిలబడ్డవాళ్ళూ ముసలివాళ్ళే. పనిదినం పొద్దున్నే గాలం వేసుకుని నిలబడే తీరిక ఇంకెవరికుంటుంది? ఈ ముక్క చెబితే మామగారు వినిపించుకోలేదు. ఎర్ర గుర్తు ముఠా అని ఒక పేరు పెట్టేశారు. ముసలివాళ్ళు ఎక్కడ నిలబడతారో సుత్తాయన ముందుగా వచ్చి గుర్తు పెడతాడు, వెనక ముఠా వచ్చి పని పూర్తి చేస్తుంది. ఎందుకు చేస్తుందన్నది ఇంకా తేలలేదు. తేలితే అది మామూలు కేసు అయిపోతుందన్నారు.

ఆ రోజు అల్లుడు గాలం సంచీలోంచి బయటికే తియ్యలేదు. ఇంటి సంగతీ తియ్యలేదు.

మూడో ఊరికి పొద్దున్నే చేరారు. ఈ జెట్టీ అన్నిటికంటే పొడుగు. చివర్న దీపస్తంభం, దాని పక్కన ఒక తాత. మడత స్టూలు మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, గాలం వేసుకుని ఉన్నాడు. అక్కడికొచ్చేవాళ్ళంతా ఆయన్ని స్టూలు తాత అంటున్నారు. స్టూలు కాళ్ళ మధ్య, స్పష్టంగా, ఎర్ర గుర్తు ఉంది.

మామగారు తాత చెవి దగ్గరికి వంగారు. తాతకి చెవులు కొంచెం మందమని అప్పుడు తెలిసింది.

"మీ ప్రాణానికి ముప్పు ఉంది."

"ఉప్పా? వేసుకోవచ్చు. ఎరకి ఉప్పు పట్టిస్తే రెండ్రోజులు ఆగుతుంది."

"ముప్పు. మిమ్మల్ని లేపేస్తారు."

"నన్నెవరూ లేపక్కర్లేదు నాయనా," అన్నాడు తాత. "పొద్దున్నే నేనే లేస్తా."

అక్కణ్ణించి జరగమంటే తాత ససేమిరా అన్నాడు. అది తన చోటట. నిన్న సుత్తి పట్టుకొచ్చినతనూ ఇలాగే బతిమాలాడట, అతనికీ ఇదే చెప్పాడట. శత్రువు నిన్ననే ఇక్కడికొచ్చాడని తెలిసి మామగారు కళ్ళజోడు సవరించుకున్నారు. మనిషిని జరపలేనప్పుడు గుర్తుని తీసెయ్యాలి. ఆయన చేతిరుమాలు తడిపి, బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగి, స్టూలు కింద చెయ్యి దూర్చి ఆ గుర్తుని శుభ్రంగా తుడిచేశారు. వద్దండీ, తుడవకండి అని అల్లుడు అన్నాడు. అతను అన్నది అలల చప్పుడులో అతనికే సరిగ్గా వినబడలేదు.

ఇక చేసేదేమీ లేక అల్లుడు జెట్టీ అవతలి వైపుకి పోయి గాలం విసిరాడు. ఇవాళ మధ్యాహ్నం బస్సుకి తిరుగు ప్రయాణం. చేపా లేదు, మాటా లేదు. భార్యకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. తాడు బిగిసింది.

మామూలు బిగింపు కాదు. రీలు గిర్రున తిరిగిపోయింది. కర్ర విల్లులా వంగింది. అతను రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, నడుం వెనక్కి వాల్చాడు. చుట్టుపక్కల వాళ్ళంతా చేరి, వదులు అని కొందరు, బిగించు అని కొందరు సలహా ఇచ్చారు. ఇది చూసి స్టూలు తాత మనసాగక స్టూలు మడిచి చంకన పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే తన చోటు వదిలి, ఇవతలి వైపుకి వచ్చేశాడు.

అందరి వీపులూ అటు తిరిగిన ఆ సమయంలో సుత్తాయన వచ్చాడు. నడివయసు మనిషి, భుజాన చుట్టిన తాడు, చేతిలో చిన్న సుత్తి. తాత చోటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నిన్న పెట్టిన గుర్తు కనబడక, చెక్క తరవాత చెక్కని సుత్తితో కొట్టి చెవి ఆనించి వింటున్నాడు. దీపస్తంభం వెనకనుంచి మామగారు బయటికొచ్చారు. జీవితమంతా ఎదురుచూసిన క్షణం.

"నీ ఆట కట్టింది," అన్నారు. "కదలకు."

సుత్తాయన తల తిప్పి ముందు మామగారి మొహం, తర్వాత మామగారి బూట్లు చూశాడు. చూసి నెమ్మదిగా అన్నాడు:

"మీరు కదలకండి సార్."

"నన్నే బెదిరిస్తావా? నీ కాళ్ళ కింద నేల కదిలిపోయేలా చెయ్యకపోతే నా పేరు మార్చుకుంటా," అని మామగారు కుడికాలు ఎత్తి, గట్టిగా నేలకేసి కొట్టారు.

నేల కదిలింది. సుత్తాయన కాళ్ళ కిందది కాదు.

చప్పుడు విని అల్లుడు తిరిగి చూసేసరికి మామగారు సగమే ఉన్నారు. ఛాతీ, చేతులు, నల్ల కళ్ళజోడు జెట్టీ పైన. మిగతాది జెట్టీ కింద. పొట్ట అడ్డం పడి ఆగిపోయారు కానీ, లేకపోతే కింద అలల్లో ఉండేవారు. అల్లుడు గాలం తాత చేతిలో పెట్టేసి పరుగెత్తాడు.

సుత్తాయన ఆయాసపడుతూ జరిగింది చెప్పాడు. ఈ తీరంలో ఉన్న జెట్టీలన్నీ అతనే తిరిగి చూస్తాడు. పుచ్చిన చెక్క మోత వేరు. అలాంటిదానికి ఎర్రసుద్దతో గుర్తు పెడతాడు, తర్వాత వడ్రంగులొచ్చి లేపేసి కొత్తది వేస్తారు. ఇక్కడిది మరీ పుచ్చిపోయిందని ఇవాళ తాడు కట్టి ఎవర్నీ రానివ్వకుండా చేద్దామని వచ్చాడు. తీరా చూస్తే గుర్తు లేదు. వాన కూడా పడలేదే, గుర్తు ఎలా పోయిందో అంతు చిక్కడం లేదన్నాడు. మామగారు తన చెయ్యి, తడి రుమాలుతో సహా, మెల్లగా చొక్కా లోపలికి దూర్చుకున్నారు.

అల్లుడు చంకల కింద చేతులు వేసి లాగబోతే సుత్తాయన వారించాడు. విరిగిన చెక్క కొసలు కిందికి వంగి ఉన్నాయట, లాగితే ఒంట్లోకి దిగుతాయట. రంపం తెచ్చి చుట్టూ కోసి తియ్యాలి. షెడ్డు జెట్టీ మొదట్లో ఉంది. ఆయన్ని పట్టుకుని కూర్చోమని చెప్పి అతను పరుగున వెళ్ళాడు.

అల్లుడు గట్టి చెక్క చూసుకుని కూర్చుని, మామగారి భుజాలు పట్టుకున్నాడు. అవతలి వైపు చప్పట్లు వినబడ్డాయి. తాత చేపని పైకి లాగేశాడు. అది తన చేపేనని అందరికీ చెబుతున్నాడు.

మామగారి మొహం చెమట పట్టి ఉంది. కింద అల వచ్చి తగిలినప్పుడల్లా ఆయన భుజాలు బిగుసుకుంటున్నాయి. ఇంత దగ్గరగా, ఇంతసేపు మౌనంగా ఆయన్ని అల్లుడు ఎప్పుడూ చూడలేదు. మెల్లగా చెబితే మాట అలల్లో కలిసిపోతోందని గుర్తొచ్చి, గట్టిగానే అన్నాడు.

"మామయ్యగారూ, మేం వేరే ఇల్లు చూసుకున్నాం. మేడమీద రెండు గదులు."

మామగారు సముద్రం వైపు చూశారు. ఆ స్థితిలో ఆయన చూడగలిగింది అటే.

"మేం అంటే?"

"నేనూ, మీ అమ్మాయీ."

"మీ అత్తయ్యకి తెలుసా?"

"తెలుసండి."

"పక్కింటివాళ్ళకి?"

"ఆ ఇల్లు చూపించిందే వాళ్ళండి."

ఒక అల వచ్చి వెళ్ళింది.

"అమ్మాయి అట్టపెట్టెలు తెచ్చి మంచం కింద పెట్టింది," అన్నారు మామగారు. "ఎందుకమ్మా అంటే పాతబట్టలకి అంది. నమ్మాను. ఇది నేను కనిపెట్టలేదు అల్లుడూ."

ఆ మాట ఆయన నోట అల్లుడు వినడం అదే మొదలు. భుజాలు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"నా వల్లేమైనా..."

"లేదండీ. మాకూ ఒక గుమ్మం ఉంటే బావుంటుందని. అంతే."

మామగారు తలూపారు. తలొక్కటే ఊపగలిగారు. కళ్ళజోడు కింది నుంచి ఏదో కారితే భుజానికి తుడుచుకుని, ఉప్పుగాలి మంచిది కాదన్నారు. అల్లుడు నిజమేనన్నాడు.

"మేడమీదన్నావు?"

"అవునండి."

"మెట్లు చెక్కవా?"

"సిమెంటువండి."

"ఊ," అన్నారు మామగారు. "దూరమా?" అని అడిగారు.

"మన వీధి చివర మలుపు తిరిగితే వచ్చేస్తుంది. మీరు రోజూ రావచ్చు."

రోజూ అన్న మాట నోరు దాటాక అల్లుడికి లోపల కలుక్కుమంది. కానీ వెనక్కి తీసుకోలేదు.

సుత్తాయన రంపం, ఇద్దరు మనుషులతో తిరిగొచ్చాడు. వాళ్ళు మామగారి చుట్టూ మోకాళ్ళ మీద చేరి, ఎక్కడ కొయ్యాలో సుద్దముక్కతో ఎర్రగా గీతలు గీశారు. జనం మూగారు. స్టూలు తాత కూడా చేపతో వచ్చి, తన చోటు పాడుచేశారని గొణిగాడు. ఇంతమందిలో మౌనంగా ఉండటం మామగారి వల్ల కాలేదు.

"మా అల్లుడు వేరే కాపురం పెడుతున్నాడు," అన్నారు సుత్తాయనతో. "నాకెవరూ చెప్పలేదు. నేనే కనిపెట్టాను."

"అలాగా సార్? ఎలా కనిపెట్టారు?" అన్నాడు సుత్తాయన, రంపం పళ్ళు వేలితో చూసుకుంటూ.

మామగారు కళ్ళజోడు పైనుంచి అల్లుడి వైపు చూశారు.

"మంచం కింద అట్టపెట్టెలున్నాయండి," అన్నాడు అల్లుడు. "వాటిని బట్టి కనిపెట్టేశారు."

"అంతే," అన్నారు మామగారు. "పాతబట్టలకి అంతంత పెట్టెలెందుకు?"

సుత్తాయన ఆయన్ని చేతులు పైకెత్తమని చెప్పి, గీత మీద రంపం ఆనించాడు.